అక్కడ వానంట

ఇథియోపియా నుంచి తిరిగొచ్చిన కొత్తలో మా వదిన ఒక పని పెట్టుకుంది. నేను రోజుకు ఎన్నిసార్లు "ఆడైతే", అంటే అక్కడైతే, అంటానో లెక్కపెట్టడం. మొదటి రోజు సాయంత్రం టీ తాగేటప్పుడు పదిహేడని చెప్పింది. నేను నమ్మలేదు.

"ఆడైతే ఎవురూ ఇట్లా మనిషి మాటలు లెక్కపెట్టరు వదినా" అన్నాను.

"పద్దెనిమిది" అంది.

వదినను తప్పుపట్టడానికేం లేదు. గుడియాత్తంలో మా అన్న వాళ్లదీ మాదీ ఒకే ఆవరణ. మధ్యలో ఒక గోడ, ఆ గోడకొక సందు. నా మాటలు ఆమె చెవిన పడక తప్పదు. అక్కడున్న ఏడేళ్లూ నేను "మా ఊర్లో అయితే" అంటూ గడిపాను. అప్పుడు వినాల్సి వచ్చింది మా ఆయనకు. ఆయన లెక్కపెట్టే రకం కాదు. మాట మొదలవగానే చెప్పులు వేసుకుని బయటికి పోయే రకం.

మాది నేత కుటుంబం. మా వీధిలో అందరూ ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీధి మలుపు దాటితే తమిళం మాట్లాడతారు, చదవడం తమిళంలోనే చదువుతారు. నాకు తెలుగు అక్షరాలు వచ్చింది ఇథియోపియాలో. అక్కడి కాలేజీలో పాఠాలు చెప్పడానికి గుంటూరు నుంచి వచ్చిన ఒకాయన భార్య మా పక్క వీధిలో ఉండేది. నేను "ఉండాది" అంటే ఆమెకు నవ్వొచ్చేది. ఆరు నెలలు నవ్వాక ఆమెకే విసుగొచ్చి, ఒక పలక కొనుక్కొచ్చి నా ముందు పెట్టింది. అట్లా నలభై ఒకటో ఏట, ఆఫ్రికాలో కూర్చుని, నా సొంత భాషకు ఓనమాలు దిద్దుకున్నాను.

మా ఆయన నాకు మేనత్త కొడుకు. ఆయన మగ్గం పట్టలేదు. ఆర్కాడు వైపు ఒక తోళ్ల ఫ్యాక్టరీలో చేరి, తోళ్లకు రంగు పట్టించే పని నేర్చుకున్నాడు. ఇరవై ఏళ్లు చేశాక ఆ ఫ్యాక్టరీ మూతపడింది. ఆ పని తెలిసినవాళ్లు ఇథియోపియాలో కావాలని కబురొచ్చింది. మా అత్త విషయమంతా విని ఒకటే అడిగింది.

"ఆడ మనోళ్లు ఎవురైనా ఉండారా?"

"లేరమ్మా."

"అయితే నువ్వు ముందు పోయి చూసి రాప్పా. ఆమె తర్వాత వస్తాది."

ఆయన చూడటానికి రెండేళ్లు పట్టింది. తరువాత నేను వెళ్లాను.

అక్కడ మేమున్నది రాజధానికి గంటన్నర దూరంలో, కొండ మీద ఒక చిన్న ఊరు. ఏడాదంతా చలి. నాకు మొదట నిద్ర పట్టలేదు. గుడియాత్తంలో తెల్లవారుజాము నుంచే వీధిలో మగ్గాలు మొదలవుతాయి. పుట్టినప్పటి నుంచీ ఆ చప్పుడుకే నిద్రపోయాను, ఆ చప్పుడుకే లేచాను. ఆ కొండ మీద నక్కలు తప్ప ఏమీ అరవవు. మా ఆయన నా బాధ చూసి, అన్నతో మగ్గం చప్పుడు ఫోన్‌లో రికార్డు చేయించి తెప్పించాడు. అందులో మగ్గం కంటే అన్న దగ్గు ఎక్కువగా వినపడింది. అయినా పెట్టుకుని పడుకునేదాన్ని.

రెండో ఇబ్బంది గడియారంతో. అక్కడి మనుషులకు రోజు సూర్యుడితో మొదలవుతుంది. మనకు పొద్దున ఏడు గంటలైతే వాళ్లకు ఒంటిగంట. మనకు ఎనిమిదైతే వాళ్లకు రెండు. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. వెళ్లిన నెలలోనే మా ఇంటి యజమానురాలిని, ఒక వితంతువును, ఆదివారం ఒంటిగంటకు భోజనానికి రమ్మన్నాను. ఆమె పొద్దున ఏడింటికి, మంచి బట్టలు కట్టుకుని, ఇద్దరు చుట్టాలను వెంటబెట్టుకుని వచ్చింది. నేను ఇంకా పళ్లు తోముకుంటున్నాను. వాళ్లు ముగ్గురూ వరండాలో కూర్చుని, నేను పప్పు నానబెట్టడం నుంచి అంతా చూశారు. మధ్యలో లేచి పోవడం మర్యాద కాదని కదల్లేదు. మధ్యాహ్నం తిని, చాలా బాగుందన్నారు. ఆరు గంటలు ఆకలితో కూర్చున్నవాళ్లకు ఏదైనా బాగుంటుంది.

ఆ ఇంటి యజమానురాలి దగ్గరే నేను అమ్హారిక్ భాష నేర్చుకున్నాను, కొంత కూరగాయల సంతలో నేర్చుకున్నాను. కాఫీ గింజలు మన కళ్ల ముందే వేయించి, ఆ పొగ అందరికీ చూపించి, దంచి, కాచి, మూడు విడతలుగా పోసే వాళ్ల పద్ధతి కూడా అలవాటైంది. మూడు విడతలకు రెండు గంటలు పట్టేది. ఆ రెండు గంటలూ నేను గుడియాత్తం గురించి చెప్పేదాన్ని. ఆమె తల ఊపుతూ వినేది. ఏడేళ్లలో ఆమెకు మా వీధిలో ఎవరింట్లో ఎవరున్నారో కంఠతా వచ్చేసింది.

తరువాత మా ఆయన పని చేసే చోట ఆర్డర్లు తగ్గాయి. ఒప్పందం ఇంక పొడిగించలేమని చెప్పారు. ఇద్దరం ఎంతో సంతోషంగా సామాను సర్దుకున్నాం. ఏడేళ్లుగా కోరుకున్నది అదే.

గుడియాత్తం చేరిన మూడో రోజు మిద్దె మీద బట్టలు ఆరేస్తుంటే ఉన్నట్టుండి ఏడుపొచ్చింది. దేనికో అర్థం కాలేదు. గుడియాత్తం మీద బెంగ కాబోలనుకున్నాను, అలవాటు కొద్దీ. ఇప్పుడున్నది గుడియాత్తంలోనేనని కాసేపటికి గుర్తొచ్చింది.

అప్పటి నుంచి మొదలైంది. ఎండకు కళ్లు తెరవలేకపోతే ఆ చలి గుర్తొచ్చేది. హోటల్లో కాఫీ రెండు నిమిషాల్లో తెచ్చి ముందు పెడితే కోపమొచ్చేది. ఇక మగ్గాల చప్పుడుకు నిద్ర పట్టలేదు. ఈ సంగతి అన్నకు చెప్పడానికి ధైర్యం చాలలేదు. అట్లాగని పూర్తిగా ఆ ఊరి మనిషినీ కాలేదు. అక్కడి మాట ఎవరైనా తక్కువ చేసి మాట్లాడితే ఒళ్లు మండేది, గుడియాత్తాన్ని తక్కువ చేసినా అంతే మండేది. మంట రెండింతలైంది, మనిషిని ఒక్కదాన్నే.

మా ఆయన ఇవేవీ లేవన్నాడు. "పోయినాం, వచ్చినాం. అంతే గదా" అన్నాడు. కాని ఆయన ఫోన్‌లో వాతావరణం చూపించే చోట ఆ ఊరి పేరే ఉండేది. మార్చలేదు. పొద్దున లేవగానే చూసి, "అక్కడ వానంట" అనేవాడు, పక్కింటి సంగతి చెప్పినట్టు. గుడియాత్తంలో వాన పడితే మాత్రం తడిసి ఇంటికొచ్చేవాడు.

ఇట్లా ఒక ఏడాది పైన గడిచింది.

మా ఆయనకు చక్కెర జబ్బు ఉంది. మూడు నెలలకొకసారి వేలూరు వెళ్లి రక్తం పరీక్ష చేయించుకోవాలి. ఆ రోజు పొద్దున ఆయన లోపల ఉంటే, నేను ఆసుపత్రి ఎదురు వీధిలోకి వచ్చాను. ఆ వీధి నిండా లాడ్జీలు. ఎక్కడెక్కడి నుంచో వైద్యానికి వచ్చినవాళ్లు నెలల తరబడి అక్కడే ఉంటారు. బెంగాలీ బోర్డులు తమిళ బోర్డుల కంటే పెద్దవిగా ఉంటాయి. ఒక మందుల అంగడి మెట్టు మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. ముందు నాకు కనపడింది ఆమె శాలువా. పలచటి తెల్లటి నూలు, అంచున సన్నటి రంగు గీత, తల మీదుగా కప్పుకుని ఉంది. ఆ శాలువా అక్కడ ప్రతి ఆడమనిషికీ ఉంటుంది. నేను నిలబడిపోయాను.

ఆమె ఎదురుగా ఎవరూ లేరు. అయినా మాట్లాడుతోంది. "ఈ ఊళ్లో ఇంతమంది పోతున్నారు. ఒక్కరైనా రాత్రి ఎట్లా గడిచిందని అడగరు" అంటోంది, అమ్హారిక్‌లో.

అక్కడ పొద్దున పలకరింపు అది. దగ్గరికి వెళ్లి, పెద్దవాళ్లతో ఎట్లా అనాలో అట్లాగే, "ఎందెమిన్ అదెరూ" అన్నాను. రాత్రి ఎట్లా గడిచిందమ్మా అని.

ఆమె ఆశ్చర్యపోతుందనుకున్నాను. పోలేదు. ఇన్నాళ్లకు ఒకరికి బుద్ధి వచ్చిందన్నట్టు చూసింది.

"బాగా గడవలేదు. దేవుడికి స్తోత్రం. నీకెట్లా గడిచింది?"

"బాగా గడిచింది."

"పిల్లలు బాగున్నారా?"

"పిల్లలు లేరమ్మా."

"నీ భర్త?"

"లోపల రక్తం ఇస్తున్నాడు."

"ఎవరికి?"

పరీక్షకని చెప్పేసరికి కాస్త తగ్గి, "అంతేనా" అంది. ఇంతలో ఆమె కూతురు అరటిపళ్లు కొనుక్కుని వచ్చింది. ముప్పై ఏళ్ల పిల్ల, స్కూలు టీచరు. చీర కట్టుకున్న మనిషితో తల్లి తన భాషలో మాట్లాడటం చూసి పళ్లు పట్టుకుని అట్లాగే నిలబడి ఏడవడం మొదలుపెట్టింది. "ఏడుస్తావేం, ముందు ఆమెకు కూర్చోవడానికి చోటివ్వు" అని ముసలామె కసిరింది. మెట్టు మీద జరిగి నాకు చోటిచ్చారు.

ముసలామె గుండెలో ఒక కవాటం పాడైంది. మార్చాలన్నారు. దానికి ముందు పరీక్షలు, ఆపరేషన్ తారీఖు కోసం ఎదురుచూపులు. వచ్చి పన్నెండు రోజులైంది. కూతురికి ఇంగ్లీషు వచ్చు, పని జరిగిపోతోంది. తల్లి మాత్రం అన్నం ముట్టడం లేదు. అరటిపళ్లు, బిస్కెట్లు తప్ప ఏమీ లోపలికి పోవడం లేదు. ఇట్లా నీరసపడితే ఆపరేషన్ వెనక్కి పోతుందని డాక్టరు చెప్పాడట.

నేను ఆమెను ఎమామా అని పిలిచాను. అమ్మ లాంటి పెద్దామెను అక్కడ అట్లా పిలుస్తారు. "ఏం తింటావు ఎమామా?" అని అడిగాను.

"ఇంజెరా" అంది.

ఇంజెరా అంటే వాళ్ల అన్నం. టెఫ్ అనే సన్న గింజల పిండిని మూడు రోజులు పులియబెట్టి, పెద్ద పెనం మీద పోసి, ఒక్క వైపే కాలుస్తారు. చూడటానికి పేద్ద దోసె. టెఫ్ ఇక్కడ దొరకదు. రాగులతో చేస్తానని మాటిచ్చి ఇంటికొచ్చాను. బస్సులో మా ఆయనకు చెప్తే, "నువ్వు చేసుకో. నన్ను దీంట్లోకి లాగద్దు. నేను అదంతా మర్చిపోయినా" అన్నాడు. విరించిపురం దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు, "పిండి మూడు రోజులు వద్దు, ఈడ వేడికి రెండ్రోజులే ఉంచు" అన్నాడు.

పరదరామిలో మా పెద్దమ్మ కొడుకు రాగులు పండిస్తాడు. ఆ రాగులు తెప్పించి, విసిరించి, పులియబెట్టాను. ఇంజెరా బాగా వచ్చిందంటే పైన నిండా చిన్న చిన్న బొక్కలు పడాలి. వాళ్లు వాటిని కళ్లంటారు. మొదటిసారి చేసింది డబ్బాలో పెట్టుకుని వేలూరు తీసుకెళ్లాను. ఎమామా మూత తీసి, వెలుతురుకు పట్టుకుని చూసింది.

"దీనికి చూపు లేదు" అంది.

తిప్పి చూసింది. "రెండు వైపులా లేదు."

కాని ఒక ముక్క తింది. రెండు రోజుల తరువాత ఇంకోసారి చేశాను, కాస్త బియ్యప్పిండి కలిపి. దానికి నాలుగైదు కళ్లు పడ్డాయి. సగం తింది. నాలుగోసారికి మొత్తం తిని, శెనగపిండితో నేను చేసిన కూరలో కారం చాలలేదంది. కూతురు నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

ఆ తరువాత రోజు మార్చి రోజు వెళ్లడం మొదలుపెట్టాను. పొద్దున బస్సెక్కితే గంటన్నరలో వేలూరు. లాడ్జి మిద్దె మీద ఎమామా, నేను, ఆరేసిన బట్టల మధ్యన కుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్లం. నేను ఆ ఊరి గురించి అడిగేదాన్ని. సంతలో ఇప్పుడేం వస్తున్నాయి, వానలు మొదలయ్యాయా, పసుపు పూలు పూశాయా. ఆమె చెప్పేది. తన ఊరి మీద బెంగపడుతున్నది ఆమె, ఓదార్చడానికి వచ్చింది నేను. అయినా చెప్పేది ఆమె, కళ్లు తుడుచుకునేది నేను. ఒకరోజు ఆమె ఆపి, "నీకు నిజంగా ఇక్కడే ఇల్లుందా?" అని అడిగింది.

"ఉందమ్మా. గంటన్నర దూరం."

"మరి ఎందుకట్లా చేస్తావు?"

నేను లేచి తీగ మీద ఆరిన బట్టలు తీయడం మొదలుపెట్టాను.

నా వల్ల ఆమెకు ఒక కష్టం కూడా జరిగింది. ఆ సంగతి దాచను. ఒకరోజు నర్సు, రేపు పొద్దున ఎనిమిదింటికి ఖాళీ కడుపుతో తీసుకురండని నాకు తమిళంలో చెప్పింది. నేను ఎమామాకు ఆమె లెక్కలో రెండు గంటలకని చెప్పి, బస్సుకు టైమైందని వచ్చేశాను. కూతురు పక్కనే ఉంది. ఆ పిల్ల అప్పటికే ఇక్కడి గడియారానికి అలవాటుపడింది. రెండంటే మధ్యాహ్నం రెండనుకుంది. ముందురోజు సాయంత్రం నుంచి మంచినీళ్లు కూడా ముట్టకుండా, మర్నాడు మధ్యాహ్నం రెండింటికి తల్లిని తీసుకెళ్లింది. పరీక్ష చేసేవాళ్లు ఆ రోజుకు అయిపోయింది, రేపు రమ్మన్నారు.

మర్నాడు నేను వెళ్లి ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఎమామా చెయ్యి ఊపింది.

"అరవై ఏళ్లుగా దేవుడి కోసం ఉపవాసాలు చేస్తున్నాను. ఒకరోజు నీ కోసం చేశాననుకో" అంది. కాసేపాగి, "దేవుడు కనీసం టైము సరిగ్గా చెప్తాడు" అంది.

మా ఆయన మూడో వారంలో వచ్చాడు. రక్తం రిపోర్టు తీసుకోవాలన్నాడు. రిపోర్టు పది రోజుల కిందే ఇంట్లో ఉంది. ఆయన అమ్హారిక్ ఫ్యాక్టరీలో నేర్చుకున్నది. అందులో రంగుల పేర్లు, "తొందరగా", "ఎవడు చేశాడిది", ఇంకా నేను రాయలేని కొన్ని మాటలు ఉంటాయి. లాడ్జి మిద్దె మీద నిలబడి ఎంతో మర్యాదగా ఆమెను పలకరించాడు. ఏం మాట వాడాడో గాని కూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎమామా మాత్రం ఆయన్ను ఎగాదిగా చూసి, "తోళ్ల పనివాడివా?" అని అడిగింది. అవునన్నాడు.

"ఎన్నేళ్లున్నావు మా దేశంలో?"

"తొమ్మిది."

"అయితే సగం మావాడివే. అక్కడ నీకిల్లుందా?"

"లేదు."

"కట్టుకోవాల్సింది" అంది.

మా ఆయన మంచినీళ్ల సీసా తెస్తానని కిందికి దిగిపోయాడు. మూడు సీసాలు ఆ బల్ల మీదే ఉన్నాయి. అరగంట తరువాత, సీసా లేకుండా, మొహం కడుక్కుని వచ్చాడు. అప్పటి నుంచి ఆ ఊర్లో ఏ రోడ్డు తవ్వారో ఎక్కడ వంతెన కట్టారో ఆమెను అడగడమే పని. తిరిగొచ్చే బస్సులో, "మర్చిపోయినా అన్నావు గదా బావా" అన్నాను.

"సుమ్మా ఊరికే ఉండు" అన్నాడు.

ఆపరేషన్‌కు ఇంకా వారముందనగా, బస్సు వద్దు గాని కారులో అయితే ఒక పూట బయటికి తీసుకెళ్లవచ్చని డాక్టరు ఒప్పుకున్నాడు. గుడియాత్తం తీసుకొచ్చాను. వదిన పొద్దున నుంచీ ఇల్లు కడిగింది. ఏం మాట్లాడాలో తెలియక ఎమామాకు పసుపు కుంకుమ ఇచ్చింది. ఎమామా కుంకుమ కొద్దిగా నాలుకకు రాసుకుని చూసింది. తినేది కాదని నేను చెప్పేలోపు వదిన లోపలికి పోయి మజ్జిగ తెచ్చింది.

అప్పుడు పక్క గదిలో మగ్గం మొదలైంది. మా అన్న ఇంకా గుంత మగ్గం మీదే లుంగీలు నేస్తాడు. నేలలో గుంత, అందులో కాళ్లు పెట్టి కూర్చుని తొక్కుతాడు. ఎమామా ఆ చప్పుడు విని మజ్జిగ లోటా కింద పెట్టింది. గోడ పట్టుకుని మెల్లగా నడిచి ఆ గది గడపలో నిలబడింది. చాలాసేపు నిలబడింది.

"నా భర్త చేసింది ఇదే" అంది నాతో. "ఇట్లాగే గుంతలో కూర్చుని. నేను నూలు వడికేదాన్ని."

ఏడేళ్లు ఆ దేశంలో ఉండి నాకు ఈ సంగతి తెలియదు. ఆ శాలువాలు ఏ ఫ్యాక్టరీలోనో తయారవుతాయని అనుకున్నాను. మా అన్నకు చెప్పాను, ఈమె కూడా మనలాగే నేతోళ్ల ఇంటామె అని. అన్న సంతోషించి మగ్గం ఆపి, నేసిన గుడ్డ చూపించాడు. ఎమామా వంగి, వేలితో పడుగు మీద ఒక చోట నొక్కి ఏదో అంది.

"ఏమంటాండాది?" అన్నాడు అన్న.

చెప్పాలా వద్దా అని ఆలోచించి చెప్పాను. "ఈ పక్కన నూలు లూజుగా ఉండాదంట."

"యాడ? యాడుండాది లూజు? చూపించమను."

ఎమామా మళ్లీ అదే చోట నొక్కింది. అన్న నలభై ఏళ్లుగా నేస్తున్నాడు. కళ్లజోడు పెట్టుకుని, వంగి, తనూ వేలితో నొక్కి చూశాడు. తరువాత లేచి పోయి బిగించి వచ్చి మళ్లీ గుంతలో కూర్చున్నాడు. ఎమామా అక్కడే పీట వేయించుకుని, భోజనానికి పిలిచేదాకా ఆయన్ను చూస్తూ కూర్చుంది. ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి రాదు. అన్న మధ్య మధ్యలో తలెత్తి ఆమె మొహం చూసి, బాగుందన్నట్టు ఉంటే నేసుకుంటూ పోయాడు. సాయంత్రం ఆమెను కారెక్కించాక నన్ను పక్కకు పిలిచి, "ఇంగా ఎన్నాళ్లుంటాది ఆమె?" అని అడిగాడు.

"ఆపరేషన్ అయినాక నెల రోజులు. ఏంటికన్నా?"

"ఏం లేదు. ఇంగో పడుగు ఎక్కిస్తా ఉండా. అందుకని."

ఆపరేషన్ రోజు మేమిద్దరం వెళ్లాం. అన్న కూడా వచ్చాడు, వేలూరులో నూలు పని ఉందని. నూలు అంగడి మధ్యాహ్నం దాకా తెరవరని ఆసుపత్రిలోనే కూర్చున్నాడు. కూతురు నా భుజం మీద తల పెట్టుకుని ప్రార్థన చేసుకుంటూ ఉంది. నాకు వాళ్ల ప్రార్థన రాదు. మా కులదేవతను తలుచుకున్నాను, ఈమె మా మనిషేనని, భాష వేరే అయినా అనుమానం పెట్టుకోవద్దని చెప్పుకున్నాను. ఐదు గంటలు పట్టింది. బాగా జరిగిందని చెప్పారు. మా ఆయన డాక్టరుకు అమ్హారిక్‌లో ధన్యవాదాలు చెప్పాడు. ఆయన తమిళాయన. పరవాలేదన్నాడు.

ఆమె నెమ్మదిగా కోలుకుంది. ఇంజెరా కూడా నెమ్మదిగా తగ్గించింది. లాడ్జి కింద ఒకామె పొద్దున పూట ఇడ్లీ, నిమ్మకాయ అన్నం అమ్ముతుంది. కూతురు ఒకరోజు ఆ నిమ్మకాయ అన్నం తెచ్చుకుంటే తల్లి రుచి చూసింది. తరువాత నేను తెచ్చిన డబ్బా మూత తీయకుండానే పక్కన పెట్టడం ఎక్కువైంది. నేను నొచ్చుకోలేదని చెప్పను.

వెళ్లే రోజు మా ఆయన, నేను కారులో చెన్నై విమానాశ్రయం దాకా వెళ్లాం. తలుపు దగ్గర ఎమామా నా రెండు బుగ్గల మీద నాలుగుసార్లు ముద్దుపెట్టింది. "ఇంటికి రా" అంది.

"నా ఇల్లు ఇక్కడే కదమ్మా."

"తెలుసు. చూశాను. ఆ ఇల్లు ఎక్కడికీ పోదు. నువ్వు రా" అంది.

తిరుగు దారిలో ఆర్కాడులో టీకి ఆగాం. మా ఆయన పాత ఫ్యాక్టరీ ఉన్న చోట ఇప్పుడు పెళ్లిళ్ల హాలుంది. చూపిస్తానన్నాడు. పోయి చూశాం. వెనక్కి వచ్చాం.

మూడు నెలల తరువాత ఆయనకు ఫోనొచ్చింది. అక్కడ ఇంకొక తోళ్ల ఫ్యాక్టరీ తెరుస్తున్నారు, రెండేళ్లకు రాగలరా అని. ఆయన నా వైపు చూశాడు.

"నువ్వు పోదామంటే పోదాం" అన్నాడు.

"నాకేం, నువ్వు పోదామంటే నేనూ వస్తా" అన్నాను.

వారం రోజులు ఇద్దరం ఇదే మాట అనుకున్నాం. పాస్‌పోర్టులు బీరువాలో ఉంటాయి. ఒకరోజు నేను చూద్దామని తీస్తే, వాటిని అప్పటికే ఎవరో తీసి పైన పెట్టారు. ఇంకా మూడేళ్ల గడువుంది. ఆయన మోకాళ్లు, చక్కెర, అక్కడి చలి అన్నీ ఆలోచించాం. నేను ఇంకొకటి కూడా ఆలోచించాను. పోతే మళ్లీ గుడియాత్తం మీద బెంగ మొదలవుతుంది, ఆ బెంగ నాకు తెలుసు, ఎంత ఉంటుందో తెలుసు. ఇప్పుడున్న బెంగ కూడా తెలుసు. రెండింటిలో దేన్ని ఇంట్లో ఉంచుకుని బతకగలను అని చూసుకుంటే, ఇప్పుడున్నదే కొంచెం అలవాటైనట్టనిపించింది. ఆయనకు చెప్తే, "అదే నేనూ అనుకుంటా ఉండా" అన్నాడు. రాలేమని ఫోన్ చేసి చెప్పాడు. చెప్పాక ఇద్దరికీ అన్నం సహించలేదు. ఆ రోజు వదినే వండి పంపింది, ఏమైందని అడగలేదు.

పోయిన నెల ఎమామా కూతురు ఫోన్ చేసింది. తల్లి బాగా నడుస్తోందట, గుడికి పోయి వస్తోందట. ఒక్కటే చిక్కు. పొద్దున లేస్తే వేలూరు మాట ఎత్తుతోంది. లాడ్జి మిద్దె, కింద అన్నం అమ్మే ఆమె, మగ్గం నేసే అతను. ఇంజెరా ముందు పెడితే పుల్లగా ఉందంటోంది. చుట్టాలు విసుక్కుంటున్నారు.

"ఇది తగ్గుతుందా అక్కా?" అని అడిగింది.

"నాకు తెలియదు. నాకింకా తగ్గలేదు" అన్నాను.

వెనక నుంచి ఎమామా గొంతు వినపడింది. నిమ్మకాయ అన్నం ఎట్లా చేయాలో అడగమంటోంది. కూతురు కాగితం, పెన్ను తెచ్చుకుంది. ఆవాలు, ఎండుమిరపకాయలు, శెనగపప్పు, పసుపు చెప్పాను. అవన్నీ అక్కడ దొరుకుతాయి. కరివేపాకు దగ్గర ఆగాం. అది దొరకదు, నాకు తెలుసు, ఏడేళ్లు వెతికాను. లేకుండానే చేసుకోమన్నాను.

"అట్లా చేస్తే అదే రుచి వస్తుందా?" అని అడిగింది.

రాదని చెప్పాను. ఆమె రాసుకుంది.